వేట ఆగిన రోజుల గేటు పుస్తకం

భీమునిపట్నం,
ఏప్రిల్ 21.

జ్యోతికి, మీ తాత గవర్రాజు సొంత సేత్తో రాత్తన్న ఉత్తరం.

ముందు నా గోడు ఇను. బస్టాండు ఎదర ఇడ్లీల కొట్టోడు పచ్చడిని ప్లాస్టిక్ సంచిలో పోసి దారంతో ముడేత్తన్నాడు. ఆ ముడి ఇప్పీలోగా ఇడ్లీలు సల్లారిపోతన్నాయి. పళ్ళతో కొరికితే పచ్చడి సొక్కా మీద, కత్తెరెడితే లుంగీ మీద. నిన్న అడిగేను, "ఒరే, పచ్చడి అమ్ముతన్నావా, దాసుకుంటన్నావా?" అని. నవ్వేడు. నవ్వి ముడి ఇంకొంచెం బిగించేడు. ఇలాటోడికి ఏ జైల్లోనన్నా తాళాలేసే ఉజ్జోగం ఇచ్చీవొచ్చు.

పోనీ గానీ, తాళాలంటే గుర్తొచ్చింది. మొన్న మీ అమ్మ వొచ్చినప్పుడు సెప్పింది, నిన్ను టైపు బల్ల కాడ్నించి లేపి కంప్యూటర్లకి కాపలా పని అప్పగించేరంట. సగం ఇనపడింది, అందులో సగం అర్ధమైంది. ఫోన్లో అడుగుదామంటే నా సెవుల సంగతి నీకు తెల్సుగా, నువ్వు "తాతా" అంటే నాకు రేవులో సైరను ఏసినట్టుంటది. అందుకే ఈ కాయితం. ఏటా పని? పెద్ద ఉజ్జోగమేనా, మీ అమ్మ కోతలా? నిజం రాయి. ఐదో తరగతోడి రాత కదాని నవ్వకు. నవ్వితే నాను పడుకున్నా నాకు తెలిసిపోద్ది.

తాత.


విశాఖపట్నం,
ఏప్రిల్ 29.

తాతకి,

నీ ఉత్తరం మీద పచ్చడి మరక ఉంది కాబట్టి గోడు నిజమేనని నమ్ముతున్నాను.

అమ్మ కోతలు కోయలేదు. కానీ ఇది పెద్ద ఉద్యోగమో పెద్ద ప్రమాదమో నాకే తెలియడం లేదు. మా ఆఫీసు నీకు తెలుసుగా, పోర్టు రోడ్డులో రెండో అంతస్తు, పన్నెండు మందిమి. సముద్రపు చేపలు విదేశాలకి పంపే కంపెనీలకి కాగితాలు చేసిపెడతాం. ఫిబ్రవరిలో మా కింది అంతస్తు ఆఫీసులో ఎవరో ఒక మెయిల్ తెరిచారు. అందులోంచి దొంగ ప్రోగ్రాము ఒకటి దూరి వాళ్ళ ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసింది. నాలుగు రోజులు ఆ ఆఫీసు వాళ్ళంతా మెట్ల మీద కూర్చున్నారు. మేము కాఫీలు పంపించాం.

ఆ సంగతి సింగపూర్‌లో ఉన్న మా పెద్ద పార్టీకి తెలిసింది. మా పనిలో సగం వాళ్ళదే. "జూలై పదిన మా మనిషి వస్తుంది. మీ కంప్యూటర్లకి ఏం కాపలా పెట్టారో చూపించండి. లేకపోతే మా కాగితాలు ఇంకొకరు చూసుకుంటారు" అని రాశారు. మా ఓనరు ఉమామహేష్ గారు నన్ను పిలిచి, "ప్రింటరు మొరాయిస్తే చూసేది నువ్వే, నెట్టు పోతే చూసేది నువ్వే. ఇదీ నువ్వే చూడమ్మా. ఒక్కటే మాట. నువ్వు ఎంచింది బెడిసికొడితే మళ్ళీ టైపు బల్లే" అన్నారు. టైపు బల్ల సంగతి సరే, సగం పని పోతే పన్నెండు మందిలో సగం మంది కూర్చోవడానికి బల్లలే ఉండవు.

అమ్మేవాళ్ళు ముగ్గురు వచ్చారు. మొదటాయన నీలం లైట్ల పెట్టె తెచ్చాడు. గోడ మీద ప్రపంచపటం వేసి, అన్ని దేశాల నుంచీ ఎర్ర గీతలు మన విశాఖపట్నం మీదికి దూసుకొస్తున్నట్టు చూపించాడు. ఉమామహేష్ గారు కుర్చీ అంచుకి వచ్చేశారు. నేను మాత్రం, "మా ఆఫీసులో అన్నిటికంటే ముసలి కంప్యూటర్‌లో దీని ప్రోగ్రాము వేసి చూపించండి" అన్నాను. వేశాడు. స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి మొదటి ఇన్‌వాయిస్ బయటికి రావడానికి మామూలుగా రెండు నిమిషాలు, ఆ రోజు తొమ్మిది. మా అటెండరు ఎల్లాజీ ఈలోగా టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించాడు.

రెండో ఆయన దానికి ఉత్తుత్తి వైరస్ ముక్క పెట్టాను. పరీక్ష కోసమే తయారుచేసింది, ఏ హానీ చెయ్యదు, కాపలా ప్రోగ్రాములన్నీ దాన్ని గుర్తుపట్టాలి. ఒక ఫైల్లో చుట్టి పెట్టేసరికి గుర్తుపట్టలేదు. మూడో ఆయనది పట్టింది. నెట్ తీగ పీకేసి మళ్ళీ పెట్టాను, అప్పుడూ పట్టింది. ముసలి కంప్యూటర్ కూడా రెండు నిమిషాలకే ఇన్‌వాయిస్ ఇచ్చింది.

ఇక్కడిదాకా బాగుంది. కానీ నాకు రెండోది కూడా కావాలి తాతా. మొదటిది ఒక్కో కంప్యూటర్ లోపల కూర్చుని దొంగ ప్రోగ్రాముల్ని ఆపుతుంది. రెండోది ఆఫీసు నెట్ లైను మీద కూర్చుంటుంది. ఏ యంత్రం ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడిందో రాసుకుంటుంది. మాటలు వినదు, రాకపోకలు చూస్తుంది. ఓనరు గారేమో, "ఒక ఇంటికి రెండు కాపలాలు ఎందుకమ్మా?" అంటున్నారు. నాకు తెలుసు, చెప్పడం రావడం లేదు.

నీ జ్యోతి.


భీమునిపట్నం,
మే 4.

ఓసి గుంటా,

తొమ్మిది నిమిషాల కత సదివి వాసుగాడికి ఇనిపించేను. మీ మావయ్య ఏటన్నాడో తెల్సా? "నాన్నా, నీలం లైట్లదే బాగుండును, మొకానికి కాంతొచ్చును" అన్నాడు. ఇలాటోడ్ని కన్నానని ఎవులికి సెప్పుకోను? నువ్వు మటుకు ముసలి కంప్యూటర్ కాడికి తీసుకెల్లి నిలబెట్టేవు సూడు, అక్కడే ఆ లైట్లోడు ఆరిపోయుంటాడు. ముసలోల్లంటే నీకున్న గౌరం సూసి కడుపు నిండింది.

ఇప్పుడు మీ ఓనరుకి ఇది సదివి ఇనిపించు. ముప్పై ఒక్క ఏళ్ళు రేవు గేటు కాడ ముక్కాలిపీట మీద కూకున్నాను. లారీలెక్కి సరుకు ఎతికీవోల్లు ఏరే. ఇనప సువ్వలట్టుకుని గుచ్చి మరీ సూసీవోల్లు. కప్పు ఇప్పి సూసే అదికారం నాకు నేదు. నా కాడ పుస్తకం, పెన్సిలు. లారీ నెంబరు, వొచ్చిన టైము, పోయిన టైము. అంతే.

ఒకరోజు భోజనాల సైరను మోగింది. ఎతికీవోల్లు కేరేజీలు ఇప్పుకున్నారు. అదే టైముకి ఒక లారీ బయటికొచ్చింది. కాలీ లారీ అని సీటీ ముక్క మీద రాసుంది. ఆ డైవరు ఆరేళ్ళలో నా మొకం కేసి సూసినోడు కాదు, ఆ రోజు "బాగున్నావా మావా" అన్నాడు. నా బుర్ర గోకింది. టైర్లు సూసేను. కాలీ లారీకి టైర్లు అలగ నేలకి నొక్కుకుపోవు. ఆపేను. అడుగున రాగి తీగ సుట్టలు.

ఎతికీవోల్లు మంచోల్లే. కానీ ఆల్లు ఎక్కని లారీ ఒకటుంటది. దానికి గేటు గావాల. నాకు లోపలి సరుకు కనపడదు. దానికి ఆల్లు గావాల. ఇంత సెప్పినా మీ ఓనరుకి అర్ధం కాపోతే నన్ను పిలు, పీట అట్టుకొత్తాను.

తాత.


విశాఖపట్నం,
మే 12.

తాతకి,

నీ ఉత్తరం ఓనరు గారి గదిలో నిలబడి చదివాను. టైర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫోను బోర్లించి పెట్టారు. "రాగి తీగ ఎంత దొరికిందట?" అని అడిగారు. నువ్వు రాయలేదన్నాను. కాసేపు ఫ్యాను కేసి చూసి, "సరేనమ్మా, జూలై దాకా రెండూ పెట్టి చూద్దాం" అన్నారు. తాతా, నేను మూడు వారాలుగా ఇంగ్లీషులో చెప్పలేకపోయింది నువ్వు ఒక అరపేజీలో చెప్పేశావు.

ఎనిమిదో తేదీన రెండూ పెట్టించాను. లైను మీద కూర్చునే పెట్టె గమ్మత్తైంది. నాలుగు వారాలు ఏమీ అనదు, ఊరికే చూస్తుంది. మా ఆఫీసుకి "మామూలు" అంటే ఏమిటో నేర్చుకుంటుంది. ఆ తరవాత మామూలు కానిది కనబడితే అరుస్తుంది. ఇప్పుడైతే బల్ల కింద బుద్ధిగా కూర్చుంది. చూస్తుంటే కొత్తగా బళ్ళో వేసిన పిల్లలా ముద్దొస్తోంది.

నీ జ్యోతి.


భీమునిపట్నం,
మే 22.

జ్యోతికి,

కార్డు ముక్కే రాత్తన్నాను, సెయ్యి లాగుతంది. మూడు వారాలు ఇంగ్లీసులో సెప్పేవు గాబట్టే నాను రాసిన నాలుగు ముక్కలు ఆయన సెవికెక్కేయి. దున్నింది నువ్వు, ఇత్తనం జల్లింది నాను. గొప్ప నాకిచ్చీకు, నాకు దాసుకునీ సోటు నేదు.

ఇక్కడ వేట బందు కదా, సేపలు గుడ్డెట్టీ రెండు నెల్లూ సముద్రంలోకి ఎల్లకూడదని సర్కారోడి మాట, పడవలన్నీ ఇసకెక్కి పడుకున్నాయి. సేపలోల్లు వలలు కుట్టుకుంటా, పేకాడుకుంటా ఉన్నారు. నిన్న ఆల్లకి సెప్పేను, మా మనవరాలు పెట్టికి పాటాలు సెప్తందిరా అని. ఒకడు "పెట్టికేనా, మా ఇంటిదానికి కూడా సెప్తాదా?" అన్నాడు. ఆడి పెల్లాం ఎనకాలే ఉంది. మిగతాది రాయను.

తాత.


విశాఖపట్నం,
జూన్ 24.

తాతకి,

ఇంతకాలం రాయనందుకు తిట్టుకో. రాసే మొహం లేదు.

నాలుగు వారాలూ అయ్యాయి. పెట్టె నేర్చుకోవడం పూర్తయింది. జూన్ మొదట్లో రెండు వారాలు ఒక్క అరుపు లేదు. నేను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. గురువారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టింది. భోజనం వేళకి పదహారువందల హెచ్చరికలు. మెయిల్ పంపితే అరుపు, కస్టమ్స్ వాళ్ళ సైటు తెరిస్తే అరుపు, ఫ్యాక్టరీల నుంచి ఫైళ్ళు వస్తే అరుపు. ఉమామహేష్ గారు వచ్చి నా బల్ల దగ్గర నిలబడి, "నువ్వు పెట్టింది కాపలానా, పెళ్ళి బ్యాండా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత స్టోర్ రూములోకి వెళ్ళి పది నిమిషాలు కూర్చున్నాను.

దొంగలు పడ్డారేమోనని రెండు రోజులు ఒక్కొక్కటీ విప్పి చూశాను. అన్నీ మా సొంత పనులే. నీలం లైట్లాయన మళ్ళీ వచ్చి వెళ్ళాడట. "పదో తేదీకి ఆ పిల్ల చేతిలో వదిలితే మునిగిపోతారు" అన్నాడట. ఓనరు గారు శనివారం దాకా గడువిచ్చారు. ఆ తరవాత గేటు తీసేస్తారు. సింగపూర్ మనిషికి ఏం చూపించాలో నాకు తెలియదు.

నా ఎంపికలో తప్పెక్కడుందో తెలిస్తే సరిపోయేది. అదే తెలియడం లేదు.

జ్యోతి.


భీమునిపట్నం,
జూన్ 26.

అమ్మలూ,

నీ ఉత్తరం అందిన గంటలో రాత్తన్నాను. వాసుగాడి సేత బస్సు కండక్టరుకిచ్చి పంపిత్తన్నాను, బేగి అందాల.

ముందు నవ్వుకోనీ. కోపం తెచ్చుకోకు. ఓసి నా తల్లీ, దానికి పాటాలు ఎప్పుడు సెప్పేవు? మే నెల్లో. మే నెల్లో సముద్రంలో పడవుందా? వేట బందు! సేప నేదు, ఫేక్టరీలో పని నేదు, మీ ఆఫీసులో ఈగలు తోలుకుంటా ఉన్నారు. అదే మామూలనుకుంది ఆ పిచ్చి పెట్టి. మొన్న పదిహేనుకి పడవలు నీల్లలోకి దిగేయి, సరుకు వొచ్చింది, మీకు పని తగిలింది. పుట్టిన కాడ్నించి నిద్దరోతన్న ఊరే సూసిన పిల్లని తీసుకొచ్చి తిర్నాల్లో ఒగ్గేత్తే ఏడదేటి? తప్పు నీ ఎంపికది కాదు, కేలండరుది. బొంబాయిలోనో డిల్లీలోనో కూకుని ఆ పెట్టి సేసినోడికి వేట బందు గురించి ఎవులు సెప్పేరు? నీకు తెలుసును గానీ తోసనేదు. సముద్రం పక్కనున్న నాకూ తోసనేదు, పేకాట సూత్తా కూకున్నాను. ఇద్దరం సమానం.

సరే, ఇంకో మాట. ఆ నాలుగు వారాల రాత పారీకు. కాలీ రోజుల గేటు పుస్తకం బంగారం. పని జోరుగా ఉన్నప్పుడు దొంగ లారీ గుంపులో కలిసిపోద్ది. రేవులో సమ్మె జరిగిన రోజుల్లోనే నాను ఎక్కువ మందిని పట్టేను. ఎవులూ పని సెయ్యని రోజున కూడా గేటు దాటుతున్నదెవులో సూడు. వొచ్చేవి ఒగ్గీ, పోయేవి సూడు. మొదటి రోజు కాడ్నించీ పోతన్నదైతే నీ పెట్టి దాన్ని కూడా మామూలే అనుకుంటది, అరవదు. అదే సూడు.

అన్నం తిను. స్టోరు రూములో కూకోకు, దోమలుంటాయి.

తాత.


విశాఖపట్నం,
జూలై 3.

తాతకి,

దొరికింది.

శుక్రవారం కండక్టరు నీ కవరు ఇచ్చిన వెంటనే మే నెల రాతంతా బయటికి తీశాను. మే నెలలో ఆదివారాలు ఎంచుకున్నాను. ఆఫీసుకి తాళం, కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్నాయి. అయినా ఒకటి మాత్రం ప్రతి ఆదివారం, ప్రతి గంటా, బయటికి మూటలు మోస్తూనే ఉంది. ఎక్కడికో మనకి సంబంధం లేని దేశంలో ఒక చిరునామాకి. పెట్టిన మొదటి రోజు నుంచీ అంతే. అందుకే మన గేటు దాన్ని చూసి కిమ్మనలేదు.

ఏమిటో తెలుసా? సీసీ కెమెరాల పెట్టె. నాలుగేళ్ళ కిందట ఓనరు గారి బావమరిది చవగ్గా దొరికిందని తెచ్చి బిగించాడు. దాని పాస్‌వర్డు కొన్నప్పుడు ఏది ఉందో ఇప్పటికీ అదే. ఎవరో లోపలికి దూరి, మా హాలులో జరిగేదంతా, బల్లల మీది కాగితాలతో సహా, బయట కూర్చుని చూస్తున్నారు. కెమెరా పెట్టెలో కాపలా ప్రోగ్రాము వెయ్యడానికి వీల్లేదు తాతా. నువ్వన్న, వెతికేవాళ్ళు ఎక్కలేని లారీ అదే. గేటు ఒక్కటే దాన్ని చూడగలదు.

ఓనరు గారికి రాత చూపించాను. ఆయన తనే స్టూలెక్కి తీగ పీకేశారు. దిగి, "మా బావమరిదికి చెప్పకమ్మా, నేను చెప్పుకుంటాను" అన్నారు. శనివారం గడువు మాట మళ్ళీ ఎత్తలేదు.

పెట్టెకి ఇప్పుడు కొత్తగా నేర్పిస్తున్నాను, ఈసారి సరుకున్న రోజుల్లో. పూర్తిగా నేర్చుకునేదాకా ఆగకుండా ఆఫీసులో ఉన్న ప్రతి యంత్రానికీ పేరు రాసి దానికిచ్చాను. లిస్టులో లేనిది లైనెక్కితే నా ఫోనుకి కబురొస్తుంది. బయటివాళ్ళకి వైఫై పాస్‌వర్డు ఇవ్వకూడదని గోడ మీద కాగితం అంటించాం. మొదటి సంతకం ఓనరు గారిదే.

ఇంకో వారమే ఉంది. ఇది ఒక్కటీ చాలుతుందో లేదోనని భయంగానే ఉంది.

నీ జ్యోతి.


విశాఖపట్నం,
జూలై 12.

తాతకి,

పోయిన ఉత్తరానికి జవాబు లేదు. నువ్వు వారం రోజులు ఊరుకున్నావంటే ఒంట్లో బాగోలేదా? వెంటనే రాయి.

నిన్ననే మంచి కబురు వచ్చింది. పని మాకే ఉంచారు.

పదో తేదీన సింగపూర్ వాళ్ళు పంపినావిడ చెన్నై నుంచి వచ్చింది. నవ్వని మనిషి. మన రెండు కాపలాలూ చూసింది, కెమెరా పెట్టె కథ విన్నది, రాసుకుంది. చివరికి, "అది పాత సంగతి. ఈ వారంలో ఏమైనా పట్టుకున్నారా?" అని అడిగింది. నేను ఎనిమిదో తేదీ పేజీ తీసి చూపించాను.

ఆ రోజు నేను కస్టమ్స్ ఆఫీసు వరండాలో క్యూలో ఉన్నాను. ఫోనుకి కబురొచ్చింది. లిస్టులో లేని ఫోను ఒకటి మా లైనెక్కింది. పదకొండూ ఇరవైకి ఎక్కింది. ఏవో వీడియోలు చూస్తోంది. క్యూలోంచి బయటపడి, గోడ పక్కన నిలబడి, దాన్ని అక్కడి నుంచే తెంపేశాను. పదకొండూ ముప్పై ఎనిమిది. ఆఫీసుకి పరిగెత్తి అడిగితే ఎవరూ పాస్‌వర్డు ఇవ్వలేదన్నారు. ఓనరు గారు అందరికంటే గట్టిగా, "నేనెందుకిస్తానమ్మా?" అన్నారు. ఎల్లాజీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అది ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు. ఆవిడకి అదే చెప్పాను, ఎవరో తెలియలేదు, కానీ పద్దెనిమిది నిమిషాల్లో బయటికి పంపించాను అని. అప్పుడు మొదటిసారి పెన్ను కింద పెట్టింది. "మీరు ఆఫీసులో లేకుండానే?" అంది. అవునన్నాను. అంతే తాతా, ఫైలు మూసేసింది.

ఉమామహేష్ గారు నా బల్ల మీద కొత్త బోర్డు పెట్టించారు. ఏం రాయాలో తెలియక నా పేరొక్కటే రాయించారట.

కానీ ఆ ఫోను సంగతి నన్ను తినేస్తోంది. ఎవరై ఉంటారు?

నీ జ్యోతి.


భీమునిపట్నం,
జూలై 15.

నా బంగారానికి,

నా ఒల్లు గుండ్రాయిలాగుంది. జవాబు ఏల రాయనేదంటే, రాత్తే నవ్వు ఆగక నిజం కక్కేద్దునని.

ముందు ఒక మాట సెప్పనీ. ముప్పై ఒక్క ఏళ్ళు గేటు కాసేను, అందరూ గవర్రాజు కల్లు తప్పించుకోలేరని అనీవోరు. నాను పీట మీదుంటేనే గేటు. నాను టీకెల్తే గేటు నేదు. నువ్వు కస్టమ్సు వరండాలో నిలబడి మీ ఆఫీసు గేటు మూసేవు. నీ రాతలో టైము సూసేను. పదకొండూ ఇరవై, పదకొండూ ముప్పై ఎనిమిది. నా పుస్తకాల్లో ఐదు నిమిషాలు ఇటూ అటూ ఉండీది. నీది నిమిషం తేడా నేదు. నాకు ఎలగ తెల్సంటావా?

సెప్తాను, తిట్టకు.

ఆ ఎనిమిదో తేదీని వాసుగాడి ఫోను అడిగి అట్టుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, పొద్దున్నే బస్సెక్కేను. పదో తేదీకి ఆవిడొచ్చి అడిగీలోపు నీ గేటు గేటేనా, బొమ్మగేటా అని ఒకసారి తోసి సూద్దారని నా మనసు పీకింది. నువ్వు మెట్లు దిగెల్లేదాకా ఎదర కిల్లీకొట్టు కాడ కూకున్నాను. తరవాత ఎల్లి, నాను భీమిలి నించి అప్పలరాజు అండ్ సన్సు, సింగపూరుకి రెండు కంటైనర్ల ఎండుసేపలు పంపాల, కాగితాలు మీరే సెయ్యాల అన్నాను. మీ ఓనరు లేచి కుర్సీ తుడిసేడు. ఎల్లాజీ కాఫీ తెచ్చేడు, బాగుంది, పంచదార ఎక్కువ. "మీ మీసం సూత్తేనే యాపారం తెలుత్తంది బాబూ" అన్నాను. ఇంకేటుంది, కరిగిపోయేడు. మా వోడికి సేపల బొమ్మలు పంపాల, ఫోన్లో నెట్టు నేదు అని అంటే గోడ మీద ఆ కాయితం కిందే నిలబడి, ఆయనే, నా సెవి కాడ కేకేసి, తన సొంత నోటితో పాస్‌వర్డు సెప్పేడు. ఎల్లాజీ దగ్గేడు పాపం. ఆయన ఇననేదు.

ఫోన్లో కోడిపందెం ఈడియో పెట్టుకున్నాను. సెవులు పని సెయ్యకపోయినా పందెం సూడ్డానికి కల్లు సాలు. ఎర్రపుంజు మీదికెగిరింది, నల్లది కిందకి జారింది, అంతే, గోడ గడియారంలో పదకొండూ ముప్పై ఎనిమిదికి బొమ్మ ఆగిపోయింది. ఎవులో సెయ్యి సాపి తలుపు నా మొకం మీద మూసినట్టయింది. వాసుగాడి ఫోనుని నాలుగుసార్లు కొట్టేను, రానేదు. అప్పుడు తెల్సింది నువ్వేనని. మా గుంటే ఇది, ఎక్కడో ఉండి నా మెడట్టి గెంటేసింది, అనుకున్నాను. అక్కడే కూకుని కల్లు తుడుసుకుంటా ఉంటే మీ ఓనరు కంగారుపడి ఇంకో కాఫీ తెప్పించేడు. అది తాగి, నువ్వు పరిగెత్తుకొచ్చీలోపు జారుకున్నాను.

ఆయన్ని ఏటీ అనకు. బావమరిది కాడ ఒకటి నువ్వు దాసేవు, నీ కాడ ఒకటి ఆయన దాసేడు, లెక్క సరి. రెండు కంటైనర్ల ఎండుసేపలు ఎప్పుడొత్తాయని ఎవులన్నా అడిగితే మటుకు, పార్టీ పందెంలో ఉండిపోయింది, ఏ పుంజు గెలిసిందో తెలిసీదాకా రాదని సెప్పీ.

తాత.